మాట ఏ శబ్దంతో మొదలవుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు మాటల్లోని మొదటి శబ్దాన్ని గుర్తుపట్టడం ఎలా నేర్పాలన్నది ఈసారి అంశం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎనిమిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. అ నుంచి ఱ వరకు గడగడా చెప్తాడు. పలక మీద అ, ఆ, ఇ, ఈ దిద్దుతాడు. కానీ "కాకి అనే మాట దేనితో మొదలవుతుంది?" అంటే "నల్లగుంటుంది" అంటాడు. ఒక్కోసారి "కి" అంటాడు. అక్షరాలన్నీ వచ్చినవాడికి ఇది ఎందుకు రావడం లేదు?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అక్షరాలు వల్లించడం ఒక పని. మాటను చెవితో విడదీసుకోవడం వేరే పని. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది దానంతటది రాదు. ఆ వయసు పిల్లలు మాట వినగానే నేరుగా అర్థం దగ్గరికి పోతారు. కాకి అంటే నల్లటి పిట్ట. ఆ మాటకు ఒక చప్పుడుందని, ఆ చప్పుడుకు ముందూ వెనకా ఉన్నాయని మీవాడికి ఇంకా తట్టలేదు. "నల్లగుంటుంది" అనడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. మీరు అడిగింది శబ్దం గురించని వాడికి తెలియలేదు, అంతే.

"కి" అనడానికి రెండు కారణాలుంటాయి. చివర విన్నదే చెవిలో నిలుస్తుంది. పైగా "మొదట", "చివర" అనే మాటలే చాలామంది చిన్నపిల్లలకు సరిగా తెలియవు. అందుకని ముందు రెండు సీసా మూతలు వరుసగా పెట్టండి. ఎడమ మూతను ముట్టి "మే", కుడి మూతను ముట్టి "క" అనండి. తర్వాత ఎడమ మూత మీద వాడి వేలు పెట్టించి "ఇది మొదటిది, ఇక్కడ ఏమన్నాం?" అని అడగండి. వారం రోజులు ఇది, చప్పట్లు కొడుతూ మాటను విడదీయడం, ఈ రెండే చాలు: ప-ల-క, మే-క, బ-ల-పం. కుక్క, అమ్మ, చెట్టు లాంటి ఒత్తుల మాటలు మొదట్లో తీసుకోకండి. నోట్లో అవి "కుక్-క" అని విరుగుతాయి, రాతలో "కు-క్క" అని ఉంటాయి. పిల్లవాడు నోటితో సరిగా విరిచినా పెద్దవాళ్లు రాతను మనసులో పెట్టుకుని తప్పంటారు.

ఇక్కడ మేక అని రాశాం, కాకి అని రాయలేదు. మ, న, స, ల లాంటి శబ్దాలను సాగదీయొచ్చు: "మ్‌మ్‌మ్‌మేక", "స్‌స్‌స్‌సబ్బు". పిల్లవాడి చెవికి పట్టుకునేంత సేపు అవి నిలబడతాయి. క, ట, ప, బ, గ అలా సాగవు. గాలి ఒక్క క్షణం ఆగి ఠక్కున బయటికొస్తుంది, అక్కడితో అయిపోతుంది. వాటిని "కా, కా, కాకి" అని మళ్లీ మళ్లీ తట్టి వినిపించాలి. కాబట్టి కాకి రెండో నెల మాట.

మొదటి జంటగా మ, స తీసుకోండి. మూత, మల్లెపూవు, మామిడికాయ, మేక బొమ్మ ఒకవైపు. సబ్బు, సీసా, సంచి, సొరకాయ ఇంకోవైపు. అన్నీ కలిపి కుప్పగా పెట్టి, రెండు పళ్లేల్లోకి వేరు చేయించండి. మొదట మీరు చేసి చూపించండి, తర్వాత ఇద్దరూ కలిసి చేయండి, ఆ తర్వాత వాడికి వదలండి. తప్పు పళ్లెంలో వేస్తే "కాదు" అనకుండా రెండు మాటలూ సాగదీసి వినిపించండి: "స్‌స్‌సీసా, మ్‌మ్‌మేక. రెండూ ఒకే తీరుగా మొదలయ్యాయా?" ఒక పూటకు ఐదు నుంచి ఏడు నిమిషాలు, వారానికి రెండు శబ్దాలు. మ పక్కన న, ప పక్కన బ పెట్టి మొదలుపెట్టకండి. అవి మరీ దగ్గరి శబ్దాలు, నెల దాటాక చూసుకోవచ్చు.

ఇంకొక్క మాట. మేక దేనితో మొదలవుతుందంటే "మే" అన్నా సరైన జవాబే. తెలుగు పిల్లల చెవికి మొదట దొరికేది అచ్చు కలిసిన అక్షరమే. మామిడి, మాల, మాట మూడూ "మా" అని పట్టుకున్నాక, మేక, మూత, మాల కూడా ఒకే తీరుగా పెదవులు మూసి మొదలవుతాయని గమనించడం రెండో మెట్టు. అది చాలామందికి ఐదేళ్లు నిండాక వస్తుంది. అంతకు ముందే "మ్ అనే చెప్పు" అని పట్టుబడితే పిల్లవాడు ఆటే మానేస్తాడు.

ప్రశ్న: మా కేంద్రంలో బొమ్మల కార్డులతో మొదటి శబ్దం ఆడిస్తున్నాను. ఉల్లిపాయ బొమ్మ చూపిస్తే పిల్లలు "ఎ" అంటున్నారు, ఎందుకంటే వాళ్లకది ఎర్రగడ్డ. కార్డు వెనక "ఉ" అని ఉంది. నేను ఏది ఒప్పుకోవాలి? ఇరవైమంది పిల్లలతో ఈ ఆట ఎట్లా నడపాలి?
– అంగన్‌వాడీ టీచర్, ఆదోని మండలం

జవాబు: పిల్లవాడు ఏ మాట పలికితే ఆ మాట మొదటి శబ్దమే సరైన జవాబు. ఎర్రగడ్డ అన్నవాడికి "ఎ" ఒప్పు, ఉల్లిపాయ అన్నవాడికి "ఉ" ఒప్పు. ఇద్దరూ తమ మాటను తాము సరిగానే విన్నారు. కార్డు వెనక అక్షరం అచ్చు వేసినవాళ్లకు మన ఇళ్లలో ఆ వస్తువును ఏమంటారో తెలియదు కదా.

మన జిల్లాల్లో ఈ చిక్కు చాలా బొమ్మలకు వస్తుంది. బంగాళాదుంప ఇక్కడ ఉర్లగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, మరమరాలు బొరుగులు, వేపచెట్టు యాపచెట్టు. వేరుశనగ బొమ్మయితే ఒకే గదిలో శెనక్కాయలు, చెనిక్కాయలు, బుడ్డలు అని మూడు పేర్లు వినిపిస్తాయి. "చేను" బొమ్మ చూసి "సేను" అనే పిల్లవాడు స అంటాడు, వాడి నోటికి అది నిజం. ఈ పిల్లలను తప్పుపట్టితే వాళ్లు నేర్చుకునేది ఒక్కటే: తన చెవి మీద నమ్మకం పెట్టుకోకుండా టీచరు ముఖం చూసి ఊహించడం. చదువులో ఆ తర్వాత వచ్చే చాలా ఇబ్బందులకు మొదలు అక్కడే పడుతుంది. పుస్తకంలోని పేరు కూడా నేర్పాల్సిందే. దాన్ని వేరే పూట, కొత్త మాటగా, కథలోనో పాటలోనో చెప్పండి. శబ్దం ఆట మధ్యలో ఆ పని పెట్టుకోకండి.

అందుకని ఆటకు ముందు కార్డులన్నీ ఒకసారి పిల్లలకు చూపించి "ఇదేంది?" అని మాత్రమే అడగండి. అందరూ ఒకే పేరు చెప్పిన కార్డులు ఒక కట్ట, రెండు మూడు పేర్లు వచ్చినవి ఇంకో కట్ట. మొదటి కట్టతోనే ఆడండి. బొమ్మల కన్నా నిజమైన వస్తువులు ఇంకా మేలు: పలక, బలపం, గ్లాసు, గరిటె, చేట, చెప్పు, దువ్వెన, నిమ్మకాయ. బొమ్మలో కోడిని చూసి ఒకడు పుంజు అంటాడు, ఇంకొకడు పెట్ట అంటాడు. చేతిలోని గరిటెకు ఆ గొడవ తక్కువ.

ఇరవైమందిని ఒకేసారి కూర్చోబెడితే ముందు వరుసలోని నలుగురు అరుస్తారు, తక్కినవాళ్లు వాళ్ల వెంట అంటారు. ఎవరికి వచ్చిందో మీకు తెలియదు. ఐదారుగురిని ఒక జట్టు చేయండి, జట్టుకు పది నిమిషాలు. తక్కినవాళ్లకు ఆయమ్మ దగ్గర మట్టి ముద్దలో, పూసలు గుచ్చడమో అప్పజెప్పండి. పళ్లెంలో ఆరు వస్తువులకు మించి పెట్టకండి. ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు ఆ బిడ్డ పేరు పిలిచి అడగండి, జవాబుకు మనసులో ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగండి. ఆ ఐదు లెక్కల మౌనంలోనే నెమ్మది పిల్లలు నోరు విప్పుతారు.

ప్రశ్న: మా పాప ఎలుక "య"తో మొదలవుతుందని, ఒంటె "వ"తో మొదలవుతుందని అంటుంది. బడిలో రెండూ తప్పని కొట్టేశారు. ఎలా సరిదిద్దాలి?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: సరిదిద్దనక్కర్లేదు. పాప చెవి చాలా బాగుంది. తెలుగులో మాట మొదట్లో వచ్చే ఇ, ఈ, ఎ, ఏ లకు ముందు సన్నగా య, ఉ, ఊ, ఒ, ఓ లకు ముందు సన్నగా వ పలుకుతాం. యెలుక, యేనుగు, వొంటె అని నెమ్మదిగా అని చూడండి, మీకే వినిపిస్తుంది. పాత రాతల్లో "యిది", "వొకటి" అని రాసినవి కూడా కనిపిస్తాయి. పాపతో "అవును, నువ్వు విన్నది నిజమే, రాసేటప్పుడు మాత్రం ఎ అని రాస్తాం" అంటే చాలు. అచ్చులతో ఆట మొదలుపెట్టేటప్పుడు అ, ఆ తీసుకుంటే ఈ బాధ ఉండదు: అరటి, అద్దం, ఆవు, ఆకు.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. చాప, చుక్క, చొక్కా అన్నప్పుడు చ నాలుక కొసను పళ్ల దగ్గర ఆనించి వస్తుంది. చేప, చిలుక, చెట్టు అన్నప్పుడు కాస్త వెనక నుంచి వస్తుంది. చెవి చురుకైన పిల్లలు చాపను, చేపను వేరు వేరు పళ్లేల్లో పెడతారు. జడ, జీలకర్రలకూ అంతే. మొదట చాప, చుక్క ఒక రోజు, చేప, చిలుక ఇంకో రోజు ఆడించి, రెండూ ఒకే అక్షరంతో రాస్తామని తర్వాత చెప్పండి. ఋషిని "రు" అంటే అదీ సరే. ణ, ళ లతో మొదలయ్యే తెలుగు మాటలు లేవు, అందుకే పట్టికల్లో ణ దగ్గర వీణ, ళ దగ్గర తాళం వేస్తారు. ఆ పట్టిక చూపించి "ణ-వీణ" అని వల్లింపజేస్తూ మొదటి శబ్దం అడిగితే పిల్లలు తికమకపడతారు. ఆ రెండింటినీ ఈ ఆటలోంచి తీసేయండి. భ, ధ, ఘ లాంటి ఒత్తక్షరాలను కూడా ఈ వయసులో బ, ద, గ లతో కలిపే చూడండి.

ప్రశ్న: మా బడిలో సగంమంది ఇళ్లలో కన్నడం మాట్లాడతారు, కొందరి ఇళ్లలో ఉర్దూ. పులి బొమ్మకు "హ" అని జవాబిస్తున్నారు. వీళ్లకు తెలుగు వచ్చేదాకా ఆగాలా?
– ఉపాధ్యాయురాలు, రాయదుర్గం మండలం

జవాబు: ఆగొద్దు. కన్నడంలో పులి "హులి", పాలు "హాలు", పువ్వు "హూవు". తెలుగులో ప ఉన్నచోట కన్నడంలో హ వచ్చే మాటలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది మీకు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. "హులి"లో హ విన్న బిడ్డకు మొదటి శబ్దం పట్టుకోవడం వచ్చేసింది. మాట మాత్రమే వేరే భాషది. ఉర్దూ ఇంటి పిల్లలు మేకను "బకరీ" అని, పిల్లిని "బిల్లీ" అని బ పళ్లెంలో పెడతారు. పెట్టనివ్వండి. బకరీ పక్కన బంతి కూడా చేరిస్తే ఒకే పళ్లెంలో రెండు భాషలూ కలుస్తాయి.

ఈ నేర్పు ఒక భాషలో వస్తే రెండోదానికి అందుతుంది. రెండుసార్లు మొదటి నుంచి నేర్పాల్సిన పని లేదు. తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. ఇంటి భాషలో చదువు మొదలుపెట్టాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్తోంది. మీకు ఆ భాష రాకపోతే ఆ పిల్లల అమ్మనో అక్కనో అడిగి ఇరవై వస్తువుల పేర్లు ఒక కాగితం మీద తెలుగు లిపిలో రాసుకోండి. ఏ జవాబు ఏ మాట నుంచి వచ్చిందో దాంతో మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: మా పాప ఇంగ్లిష్ మీడియం ఎల్‌కేజీ. "బ ఫర్ బ్యాట్" అని నేర్పుతున్నారు. "బ, యా, ట" అని విడిగా చెప్తుంది, కలిపి బ్యాట్ అనలేకపోతోంది. ఆపిల్ "య"తో మొదలవుతుందంటుంది.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: పాప నోట్లో ఉన్నవి మూడు తెలుగు అక్షరాలు. బ అంటే బ్ శబ్దంతో పాటు అ కూడా ఉంది. "బ-యా-ట" అని ఎంత వేగంగా అన్నా వచ్చేది "బయాట"నే, బ్యాట్ రాదు. బ్ శబ్దాన్ని అచ్చు లేకుండా విడిగా పలకడం పెద్దవాళ్లకే కష్టం కాబట్టి మొదట సాగే శబ్దాలున్న చిన్న మాటలు పట్టుకోండి: సన్, మ్యాన్, నెట్, ఫ్యాన్. మూడు ముక్కలు చేయకుండా రెండే చేయండి. "స్‌స్‌స్" అని సాగదీస్తూ ఆపకుండా "అన్" లోకి పోవాలి. మధ్యలో ఊపిరి తెగితే కలవదు. ఇది పది మాటల్లో కుదిరాక బ్యాట్, క్యాట్, పెన్ వైపు రండి.

ఆపిల్‌ను మనం ఎక్కువగా యాపిల్ అనే పలుకుతాం. అక్షరం పేరు "ఏ", మాట మొదట్లో వినపడేది "యా". పాపకు రెండూ కలవకపోవడం సహజమే. ఆ అక్షరాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. వ్యాన్, వాచ్ రెండిటికీ మన నోట్లో ఒకటే వ. జగ్, జీబ్రాలకు ఒకటే జ. ఈ తేడాలు చెవితో కనిపెట్టమని ఎల్‌కేజీ పిల్లలను అడగడం సబబు కాదు, రాత నేర్చేటప్పుడు చూసుకోవచ్చు. ఎక్స్‌రే మొదలయ్యేది "ఎ"తో, కాబట్టి ఆ కార్డు తీసేయండి. స్కూలు, స్టూలు కూడా వద్దు. ఇంట్లో ఇస్కూలు అని వినే బిడ్డ "ఇ" అంటుంది, అప్పుడు తప్పెవరిది?

తెలుగు మాటలతో జత కట్టి చూడండి: సబ్బు-సన్, బంతి-బాల్, మామిడి-మ్యాంగో. తెలిసిన మాట పక్కన ఉంటే కొత్త భాషలో శబ్దం తొందరగా దొరుకుతుంది.

ప్రశ్న: మనవడికి నాలుగేళ్లు. రైలును "లైలు" అంటాడు. శబ్దాలు వినపడక అలా అంటున్నాడా?
– ఒక తాత, పులివెందుల

జవాబు: ర నాలుకకు కష్టమైన శబ్దం, ఆలస్యంగా కుదురుతుంది. నాలుగేళ్లకు ల అనడం మామూలే. వినికిడి సంగతి ఇలా చూడండి. రైలు బొమ్మ, లడ్డు పక్కపక్కన పెట్టి, వాడు మీ పెదవులు చూడకుండా వెనక నిలబడి, మామూలు గొంతుతో "ర్‌ర్‌ర్‌తో మొదలయ్యేది ఇవ్వు" అనండి. రైలు తీసిస్తే ర, ల తేడా చెవికి తెలుస్తోంది, నాలుక ఇంకా అలవాటు పడలేదు. చోట్లు మారుస్తూ ఐదారుసార్లు చేస్తేనే నిజం తెలుస్తుంది.

వాడు తరచూ "ఆఁ?" అని అడుగుతున్నా, టీవీ గట్టిగా పెట్టుకుంటున్నా, చెవిలో చీము కారుతున్నా, జలుబు విడవకుండా నోటితో ఊపిరి తీస్తున్నా ఆలస్యం చేయకండి. జలుబు తర్వాత చెవిపొర వెనక నీరు నిలిస్తే కొన్ని రోజులు బాగా వినపడి, కొన్ని రోజులు మసకగా వినపడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పరధ్యానం అనుకుంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. ఎప్పుడొస్తారో టీచర్‌ను అడగండి. అంతవరకు ఆగలేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు చదువు రాదు, ఈ ఉత్తరం కొడుకుతో రాయిస్తున్నా. పగలంతా మనవరాలు నా దగ్గరే ఉంటుంది. ఫోన్లో అక్షరాల పాటలు పెడితే సరిపోతుందా? నేనేమన్నా నేర్పగలనా?
– ఒక అవ్వ, తాడిపత్రి

జవాబు: అవ్వా, ఈ పనికి అక్షరం ముక్క అవసరం లేదు. చెవి, నోరు ఉంటే చాలు, అవి మీకు ఉన్నాయి. ఫోను పాట పాడుతుంది కానీ పాప ఏం పలికిందో వినదు, తప్పు చెప్తే ఆగి మళ్లీ చెప్పదు. మీరు ఆ రెండూ చేస్తారు.

వంటింట్లో కూర్చుని "నేనొకటి చూస్తున్నా, అది చే... చే..." అనండి. పాప చేట అనేదాకా ఆగండి. తెలియకపోతే "బియ్యం చెరుగుతాం" అని ఒక గుర్తు ఇవ్వండి. సంతకు పోయినప్పుడు "బె అని మొదలయ్యే కూరగాయ ఏది?" అంటే బెండకాయ. ఇంట్లోవాళ్ల పేర్లతో ఆడితే పిల్లలకు మరీ ఇష్టం: "నీ పేరు మాదిరే మొదలయ్యే పేరు ఇంకెవరికుంది?" మీకొచ్చిన పొడుపు కథలు విప్పేటప్పుడు జవాబు మొదటి శబ్దం ఒక్కటే అందించండి. తర్వాత పాపను అడగనివ్వండి, మీరు జవాబు చెప్పండి. అడగడం వచ్చిందంటే శబ్దం బాగా పట్టుబడినట్టే. అంత్యాక్షరి ఇప్పుడే వద్దు, చివరి అక్షరం పట్టుకుని దాన్నే మొదలుగా మార్చుకోవడం ఆరేడేళ్ల పని.

ప్రశ్న: ఒకటో తరగతిలో 28 మంది ఉన్నారు. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదన్నది తొందరగా తెలుసుకునే మార్గం చెప్పండి. అక్షరాన్ని ఎప్పుడు జోడించాలి?
– ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు

జవాబు: ఒక్కొక్కరిని విడిగా పిలిచి పది ప్రశ్నలు, నోటిమాటగా. మనిషికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. రోజుకు ఏడుగురు చొప్పున నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఒక మాట చెప్పి మూడు బొమ్మలు చూపించి, "దీని మాదిరే మొదలయ్యేది ఏది?" అని అడగండి. బొమ్మల పేర్లు ముందే మీరు చెప్పేయాలి.

మూడు బొమ్మలనూ ఏరి పెట్టుకుంటే పిల్లవాడు ఎక్కడ తప్పుతున్నాడో కూడా తెలుస్తుంది. "మేక" అని అడిగితే మూత, ఆవు, పలక పెట్టండి. మూత సరైనది. ఆవును చూపించినవాడు అర్థం వెంట పోతున్నాడు. పలకను చూపించినవాడు చివరి "క"ను పట్టుకున్నాడు. "చెంబు"కు చేప, బిందె, సబ్బు. "పిల్లి"కి పలక, కుక్క, బల్లి. ఇదే పద్ధతిలో తక్కిన ఏడూ మీరే తయారు చేసుకోవచ్చు. సరైన బొమ్మ ఎప్పుడూ ఒకే చోట రాకుండా చూడండి, కొందరు ప్రతిసారీ ఎడమ బొమ్మనే చూపిస్తారు.

మూడింట్లో ఒకటి ఎంచుకోవడం కాబట్టి గుడ్డిగా చూపించినా పదిలో మూడు సరిపోతాయి. మూడు నాలుగు వచ్చినవాళ్లకు ఏమీ రాలేదనే అనుకోండి. ఎనిమిది, ఆ పైన వస్తే వచ్చినట్టు. అర్థం వెంట పోయేవాళ్లకు మాటల్ని చప్పట్లతో విడదీయడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. చివరి శబ్దం పట్టుకునేవాళ్లకు వరుసగా మూతలు పెట్టి మొదటిదాన్ని ముట్టించాలి. ఈ రెండు జట్లకు ఒకే పాఠం చెప్తే ఇద్దరికీ ఉపయోగపడదు.

ఎనిమిది దాటినవాళ్లకు అక్షరం చూపించండి. మ వస్తువుల పళ్లెం ముందు "మ" అని రాసిన కార్డు నిలబెట్టి, "మనం ఇంతసేపు విన్న శబ్దాన్ని ఇట్లా రాస్తాం" అనండి. అదే వారంలో మ, స, ల అక్షరాలు మూడు చాలు. అవి కుదిరాక గుణింతం వైపు పోవచ్చు. మ, మా, మే, మూ లలో మొదటి భాగం ఒకటేనని చెవికి ముందే తెలుసు కాబట్టి, కంటికి గుర్తులు మాత్రమే నేర్పితే సరిపోతుంది. గుణింతాన్ని క నుంచి వరసగా వల్లింపజేయకుండా, పళ్లెంలోని వస్తువుల నుంచే తీయండి: మేక దగ్గర మే, మూత దగ్గర మూ, మామిడికాయ దగ్గర మా.